ఉచితమెల్ల నుచితమా?

సంస్కృతమున 'ఉచిత' శబ్దమునకు తగినది, యుక్తమైనది అని యర్థము. ఔచిత్యమను పదము దానినుండియే పుట్టినది; కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని నిరూపించుటకై ఒక విచారగ్రంథమునే రచించెను. ఆ పదమే తెలుగు వాడుకలోనికి వచ్చి, మొదటి యర్థమును పూర్తిగా విడువకయే, వెల లేక లభించునది యను మరియొక యర్థమును సంపాదించుకొన్నది. ఉచితభోజనము, ఉచితవైద్యము, ఉచితప్రయాణము అని మనము నిత్యమును వాడుచున్నాము. ఇంగ్లీషువారి 'ఫ్రీ' యను మాటకును ఇట్టి ద్వంద్వమే కలదు: వెల లేనిదియు ఫ్రీయే, బంధము లేనిదియు ఫ్రీయే. మన పదము వెలలేమిని యుక్తతతో ముడివేసినది. వారి పదము వెలలేమిని స్వాతంత్ర్యముతో ముడివేసినది. రెండు భాషలను చదివి, రెంటిని పిల్లలకు బోధించుచుండియు, నేను ఈ ముడులను చాలకాలము గమనింపనైతిని. ఒక యుదయమున ఒక ప్రింటరు నాకు వానిని చూపినది.

ప్రింటరును గూర్చి ధర్మవిచారమేమని చదువరులు నవ్వవచ్చును. ధర్మసంకటములు యుద్ధభూములయందే కలుగునని మన పురాణశ్రవణము మనకొక యలవాటు చేసినది. నిజమునకు అవి వంటయింటను, బడిలోను, కచ్చేరీలోను, మనము చేతికందిన పనిని తొందరగా ముగించుకొనవలెనని చూచు వేళలయందు వచ్చి, వచ్చినట్లు తెలియకుండనే పోవుచుండును. అట్టి దొకదానిని ఇచ్చట విప్పి చూడదలచితిని.

ఫైలొకచోట, కాగితమొకచోట నుండుట నేటి కాలమున సర్వసాధారణము. ఉద్యోగి తన యింట కూర్చుండి కార్యాలయపు కంప్యూటరును తెరచి పనిచేయును. అచ్చువేయుమని అతడు ఆజ్ఞాపించినచో, ఆ యాజ్ఞ ఆ దూరపు కంప్యూటరునకు తెలిసిన ప్రింటరునకే పోవును; కాగితము అక్కడ వెలువడును, మనిషి ఇక్కడ వట్టిచేతులతో నుండును. దీనిని సరిచేయుటకు రెండు మార్గములు కలవు. ఫైలును ఇక్కడికి తెప్పించుకొని ఇచ్చటి కంప్యూటరు చేతనే అచ్చువేయించుట యొకటి. ఇచ్చటి ప్రింటరు ఆ దూరపు కంప్యూటరునకు తన ప్రక్కనే యున్నట్లు తోచునట్లు చేయుట రెండవది. ఈ రెండవ మార్గమున దూరపు కంప్యూటరు పుటలను ఒక నిర్ణీతరూపములోనికి, సామాన్యముగా పీడీఎఫ్ రూపములోనికి, మార్చి ఇంటర్నెట్టు గుండ ఇటు పంపును. ఇచ్చటి ప్రోగ్రాము దానిని అందుకొని, మన ప్రింటరునకు తెలిసిన భాషలోనికి తర్జుమా చేసి, వరుసలో నిలిపి, కాగితముపై వేయించును. తంత్రమింతియే. కాని ఆ రెండు యంత్రములకును నడుమ ఒక మధ్యవర్తి నిలిచినాడు. మన వ్రాతను అందుకొని, రూపు మార్చి, మోసి, అప్పగించువాడు అతడే. అతడు ఎవరి సేవకుడు? ఈ వ్యాసమున నేను విచారింపబూనిన ప్రశ్న యిది యొక్కటే.

నేను పనిచేయు పాఠశాల ఒక చిన్నపట్టణమున నున్నది. పరీక్షల ప్రశ్నపత్రములను మా యాజమాన్యమువారు తమ కార్యాలయపు కంప్యూటరునందు భద్రపరతురు. పరీక్షనాటి యుదయమున మేము ఆ కంప్యూటరును మా బడినుండి తెరచి, పత్రములను మా ప్రింటరుపై అచ్చువేసికొందుము. ఇందుకై యువకుడైన మా సహోపాధ్యాయుడొకడు ఒక ఉచిత సాఫ్టువేరును తెచ్చి పెట్టెను. వెల లేదు, శ్రమ లేదు, అందరమును సంతోషించితిమి. కొన్ని నెలలకు ప్రతి పుట యడుగునను ఆ సాఫ్టువేరు పేరు సన్నని యక్షరములలో అచ్చగుట మొదలాయెను. ఊరక వచ్చినదానికి ఆ మాత్రము సహింపవలదా యని సరిపెట్టుకొంటిమి. పిమ్మట తెలుగు ప్రశ్నపత్రములలో ఒత్తులు తమ యక్షరములను విడిచి ప్రక్కకు జరుగ జొచ్చెను. గుణింతపు గుర్తులు కొన్ని చిన్నచిన్న పెట్టెలుగా మారెను. తయారుచేసినవారికి రెండు మారులు వ్రాసితిమి, బదులు రాలేదు. పిల్లలు తప్పు చదువకుండుటకై ప్రతి కాగితమును ఎఱ్ఱసిరాతో దిద్ది పంచితిమి. మా బడిలో ప్రోగ్రాములు వ్రాయనేర్చినవారు ఒకరిద్దరు లేకపోలేదు. కాని ఆ సాఫ్టువేరు లోపల నేమున్నదో చూచుటకు వారికి అధికారము లేదు, ఉపాయమును లేదు.

ఒక అర్ధసంవత్సర పరీక్షనాడు, గంట కొట్టుటకు పావుగంట ముందు, గడువు తీరినదనియు, సొమ్ము చెల్లించినగాని పనిచేయననియు తెరపై చూపి ఆ ప్రోగ్రాము నిలిచిపోయెను. తొమ్మిదవ తరగతి పిల్లలు అరువదిమంది బల్లలయొద్ద కూర్చుండియుండిరి. నేను సుద్దముక్క తీసికొని, తెరపైనున్న ప్రశ్నలను ఒక కాగితముమీద ఎక్కించుకొని వచ్చి, నల్లబల్లపై వ్రాసితిని. పరీక్ష ఆలస్యముగానైనను జరిగినది.

అంతటితో ముగిసినచో ఈ కథకు చెప్పదగినంత విలువ లేదు. ఆ సాయంకాలము మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి, ఆ సాఫ్టువేరు నడకను పరీక్షించి, మాకు తెలియని సంగతి నొకదానిని తెలిపెను. అది మా ప్రశ్నపత్రములను కార్యాలయమునుండి నేరుగా మా బడికి తెచ్చుట లేదు. ముందుగా తన సొంతదారుల కంప్యూటరునకు చేరవేసి, అచ్చటినుండి మాకు పంపుచున్నది. ఆ కంప్యూటరు ఏ దేశమున నున్నదో, మా పత్రము అచ్చట ఎంతకాలము నిలిచియుండునో, ఎవరు చూతురో మాకు తెలియదు. అచ్చువేసిన పత్రములను కవరులో పెట్టి, లక్క వేసి, బీరువాలో తాళము బిగించు మేము, ఆ పత్రమునే రెండేండ్లపాటు ముక్కుమొగము తెలియని వాని చేతికిచ్చి మరల పుచ్చుకొనుచుంటిమి. ప్రశ్నపత్రమును రహస్యముగా కాపాడితినని ప్రతి పరీక్షకును నేను వ్రాసియిచ్చి సంతకము చేసియుంటిని. ఆ సంతకములన్నియు, నాకు తెలియకయే, అసత్యములైనవి. తెలియక చేసినది అసత్యము కాదని నన్ను నేను ఓదార్చుకొనబోయితిని. కాని తెలిసికొనుటకు వీలులేని దానిని తెచ్చిపెట్టుకొని, దానికి నేను పూచీ పడుట మాత్రము తెలిసి చేసినదే గదా!

మా ధర్మశాస్త్రములలో దానమునకు చక్కని లక్షణము చెప్పబడినది. దాత తన స్వత్వమును విడుచుటయు, గ్రహీతకు స్వత్వము కలుగుటయు, ఈ రెండును జరిగినగాని దానము సిద్ధింపదు. గోవును దానమిచ్చి పలుపును తనచేతనే పట్టుకొన్నవాడు దాత కాడు. ఈ లక్షణమును పట్టి చూచినచో, మాకు వచ్చిన ఉచిత సాఫ్టువేరు దానము కాజాలదు. మేము దానిని వాడుకొనవచ్చునే గాని విప్పి చూడరాదు, దిద్దరాదు, పొరుగు బడికి ఇయ్యరాదు. వారు తలచిననాడు ఆగిపోవును. శాస్త్రకారులు ఇట్టిదానిని యాచితకమనిరి. అనగా పెండ్లికి అడిగి తెచ్చుకొన్న నగ. ఎరువుల సొమ్ము బరువుల చేటని మన యాడువారు చిరకాలమునుండి చెప్పుచున్నారు. ఎరువు తెచ్చుకొనుట తప్పు కాదు. ఎరువును కానుక యని భ్రమించుట తప్పు. ఆ భ్రమను కలిగించి ఇచ్చుట మరింత తప్పు.

ఆమాటకు వచ్చినచో, వెల యిచ్చి కొన్న వస్తువుపై కూడ అమ్మినవాని పట్టు వదలని కాలమున మనమున్నాము. 2005లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను అను అమెరికా సంఘమువారు ఒక చిత్రమును బయటపెట్టిరి. కొన్ని రంగు ప్రింటర్లు ప్రతి పుటపైనను కంటి కానని పసుపుచుక్కలను చల్లుచుండెను. ఒక జిరాక్సు ప్రింటరు చుక్కలను వారు చదువగా, ఆ పుట యచ్చైన తేదియు, వేళయు, యంత్రపు సంఖ్యయు వానియందు తెలిసెను. కొన్నవానికి చెప్పక, వాని కాగితముపై, వాని రంగుతో, మరియొకరికై వ్రాసిన వ్రాత యది! దొంగనోట్లను అరికట్టుటకని సమాధానము చెప్పవచ్చును. ప్రయోజనము మంచిదే యగుగాక. సేవకుడు యజమానుని ఇంటనుండి ఎవరికో వర్తమానములు వ్రాయుచు, ఆ సంగతి యజమానునకు చెప్పకుండుట మంచిదగునా?

ఇట్టి ప్రశ్నలు కొత్తవి కావు. విశేషమేమనగా, స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమను పేర నేడు లోకమున వ్యాపించిన భావమునకు మొదటి ప్రేరణలలో నొకటి ఒక ప్రింటరే. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థవారి కృత్రిమమేధా ప్రయోగశాలలో రిచర్డు స్టాల్‌మన్ అను ప్రోగ్రాము రచయిత పనిచేయుచుండెను. అచ్చటను ప్రింటరొకచోట, దానిని వాడువారు వేర్వేరు చోటుల. కాగితము ఇరుకుకొని యంత్రము నిలిచినచో దూరముననున్నవారికి తెలియదు. తమ పని యైనదనుకొని పోయి చూచినచో ఒక్క పుటయు వెలువడియుండదు. పాత ప్రింటరు విషయమున స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును సవరించి, యంత్రము నిలిచినప్పుడు ముద్రణకై వేచియున్నవారి తెరలపై ఆ వార్త కనబడునట్లు చేసియుండెను. వారిలో నెవరో యొకరు లేచిపోయి సరిచేయుచుండిరి. చిన్న యుపాయమే కాని అందరికి మేలు.

తరువాత జిరాక్సు సంస్థవారు ఆ ప్రయోగశాలకు ఒక కొత్త లేజరు ప్రింటరును బహూకరించిరి. అది వేగమైనది, చక్కనిది. కాగితము ఇరుకుకొనుట మాత్రము మానలేదు. దానిని నడుపు ప్రోగ్రాము యంత్రమునకు మాత్రమే తెలియు రూపమున వచ్చెను. మనుష్యుడు చదివి సవరింపదగిన మూలరచన, సోర్సుకోడని అందురు, అది రాలేదు. అందువలన పాతయుపాయమును కొత్తయంత్రమునకు చేర్చుటకు వీలు లేకపోయెను. ఆ మూలరచన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒకనియొద్ద కలదని విని, స్టాల్‌మన్ అచ్చటికి పోయినప్పుడు అతనిని అడిగెను. ఎవ్వరికిని ఇయ్యనని మాట యిచ్చితినని అతడు బదులు చెప్పెను. స్టాల్‌మన్ మారుమాటాడక వెనుదిరిగెను. ఆ నిరాకరణము ఆయన మనస్సున నాటుకొనెను. 1983 సెప్టెంబరు 27వ తేదీన ఆయన గ్ను అను పేర స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రయత్నమును ప్రకటించెను. 1985లో ఒక సంఘమును స్థాపించెను. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అను ఒప్పందపత్రమును వెలువరించెను.

ఇచ్చట నాకు ఆ కార్నెగీ మెలన్ ఉద్యోగి పక్షమున ఆలోచింపవలెనని తోచుచున్నది. అతడు చేసినదేమి? ఇచ్చిన మాట నిలుపుకొనెను. హరిశ్చంద్రుని కథ విని పెరిగిన మనము అతనిని ఎట్లు నిందింపగలము? కాని ఆ మాట స్వభావమెట్టిదో చూడుడు. దానివలన లాభము పొందినది పుచ్చుకొన్నవాడు, కొంత యిచ్చినవాడు. దాని భారము మోసినది ఆ యొడంబడికలో పేరైనను లేని పరులు. భీష్ముడు దాశరాజునెదుట ప్రతిజ్ఞ చేసిననాడు దాని భారము తన యొక్కని జీవితముపైననే పడునని తలచెను. సింహాసనముపై ఎవరు కూర్చుండిన వారికి బద్ధుడై, నిండుసభలో ద్రౌపది ప్రశ్నకు తిన్నని యుత్తరము చెప్పలేకపోయిననాడు గదా ఆ ప్రతిజ్ఞ ఎంత దూరము ప్రాకినదో తెలిసినది! సత్యవ్రతుని సత్యము పరులకు సంకెలయైనచో, ఆ వ్రతమును గూర్చి మరల విచారింపవలసియున్నది.

దీనికి ప్రతిగా మన దేశముననే రామానుజుని కథ కలదు. గోష్ఠీపూర్ణుడు రహస్యమంత్రమును ఉపదేశించి, ఎవ్వరికిని చెప్పవలదనియు, చెప్పినచో నరకము తప్పదనియు ఆన పెట్టెను. రామానుజుడు గోపురమెక్కి ఎల్లవారికి వినబడునట్లు దానిని చాటెనని వైష్ణవసంప్రదాయము చెప్పుచున్నది. అందరును తరించునప్పుడు తానొక్కడు నరకమునకు పోయిన నేమని ఆయన తలపు. ఈ కథను మనము సంస్కరణమునకు ఉదాహరణముగా పలుమారులు చెప్పుకొందుము. కాని మాట తప్పుట ఎప్పటికైనను మాట తప్పుటయే యని రామానుజునకే తెలియును. అందుచేతనే ఆయన శిక్షను తనపై వేసికొనుటకు సిద్ధపడెను.

మాట నిలిపి లోకమునకు నష్టము చేయుట యొకటి. మాట తప్పి లోకమునకు మేలు చేయుట యొకటి. స్టాల్‌మన్ పట్టినది మూడవ త్రోవ: అట్టి మాటను మొదటనే ఇయ్యకుండుట. ఇరుగుపొరుగులకు సాయపడనని ప్రమాణము చేయించుకొను ఏ వస్తువును అంగీకరింపకుండుటయు, తాను ఎవ్వరిచేతను అట్టి ప్రమాణము చేయింపకుండుటయు ఆయన నియమము. ఇందు వీరత్వము కనబడదు, గోపురము లేదు. అయినను గృహస్థులకును ఉద్యోగులకును అనుసరింపదగిన త్రోవ ఇదియే యని నాకు తోచుచున్నది. ఏలయనగా మనకు రామానుజుని తెగువ లేదు, భీష్ముని నిలుకడయు లేదు. కొత్త సాఫ్టువేరును పెట్టునప్పుడు తెరపై కనబడు దీర్ఘమైన షరతులను చదువకయే 'సమ్మతము' అను గుర్తును నొక్కుచున్నాము. అదియును మాట యిచ్చుటయే. పొరుగు బడి పంతులు రేపు వచ్చి, ఆ సాఫ్టువేరు మాకును కొంచెము పెట్టిపెట్టుమని యడిగినచో, మనము మాట తప్పవలెను లేదా స్నేహధర్మము తప్పవలెను. ఆ సంకటమును ఒక్క వ్రేలితో మనమే కొనితెచ్చుకొంటిమి.

స్వేచ్ఛా సాఫ్టువేరునకు నాలుగు స్వేచ్ఛలు లక్షణముగా చెప్పుదురు. ఏ ప్రయోజనమునకైనను నడుపుకొనుట, లోపలి రచనను చదివి మార్చుకొనుట, ప్రతులను పరులకిచ్చుట, మార్చిన ప్రతులను సైతము పంచుట. వెల పుచ్చుకొనరాదని ఇందెచ్చటను లేదు. దీనిని దానలక్షణముతో పోల్చిచూచినచో ఒక చిత్రము కనబడును. గ్రహీతకు స్వత్వము కలుగుచున్నది. దాతకు మాత్రము ఏమియు తరుగుట లేదు. ప్రతి యెత్తుకొన్నంతమాత్రమున మూలము క్షీణింపదు. లోకమున ఇట్టి ధర్మము గల ధనము విద్య యొక్కటియే యని పెద్దలు చెప్పిరి. విద్య పుచ్చుకొన్నవానికి ఋషిఋణమని యొక ఋణము కలదు. అది చదివి, చదివించి తీర్చుకొనవలసినది, గురువునకు మరల ఇచ్చి తీర్చుకొనునది కాదు. జనరల్ పబ్లిక్ లైసెన్సు పెట్టు షరతు సారమును ఇదియే: నీవు పంచునప్పుడు, నీకు వచ్చిన స్వేచ్ఛతోనే పంచవలెను. మన పూర్వులు ధర్మమని విధించినదానిని అచ్చటివారు ఒప్పందపత్రముగా వ్రాసికొనిరి.

ఇక ఆక్షేపణలు. మొదటిది: మూలరచనను చదువలేని సామాన్యునకు దానిని చదువు స్వేచ్ఛవలన నేమి లాభము? నేనును చదువలేను. కాని న్యాయస్థానపు తలుపులు తెరచియుండుటవలన, ఎన్నడును అచ్చటికి పోనివానికిని రక్షణ కలదు. చదువగలిగినవాడొక్కడు చదివిన చాలును. మా పూర్వవిద్యార్థి మాకు కప్స్ అను స్వేచ్ఛా సాఫ్టువేరును ఏర్పరచి, కార్యాలయమునకును బడికిని నడుమ గుప్తలిపిలో సాగు నొక దారిని కల్పించెను. పత్రము ఇప్పుడు మూడవవాని గడప తొక్కదు. తెలుగు ఒత్తుల దోషమును అతడు రెండు సాయంకాలములలో తీర్చెను. అక్షరములను కూర్చి పొందుపరచు హార్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు ఇదివరకే ఉండుటచేతను, ఏ మెట్టున చిక్కు కలుగుచున్నదో విప్పి చూచుటకు వీలగుటచేతను ఆ పని సాధ్యమైనది. దూరదేశపు వర్తకునకు తెలుగు ఒత్తు లక్షలలో నొక చిన్న చిక్కు. మనకు అది మాట మాటకును పట్టు చిక్కు. తమ భాష పనిని తామే చేసికొను అధికారము తెలుగువారికి ఎంత యవసరమో ఇందువలన ఊహించుకొనవచ్చును.

రెండవ యాక్షేపణ: తెరచియున్న రచనలో లోపములను దుష్టులును చూడగలరు గదా? నిజమే. 2024 సెప్టెంబరులో కప్స్‌తో కూడియుండు భాగములలో ప్రమాదకరమైన లోపములు బయటపడెను. ఎవరో తెలియని యంత్రము నేను ప్రింటరునని చెప్పుకొనినచో నమ్ము స్వభావము వానియందుండెను. దీనిని దాచుట సత్యము కాదు. మూసియుంచిన విండోసు ముద్రణభాగమునందును 2021లో అంతటి ఘోరమైన లోపమే కనబడెను. కావున తెరచియుండుట దోషములేమికి పూచీ కాదు. దోషము తెలిసిన పిమ్మట దానిని దిద్దు అధికారము ఎందరికున్నదను దానియందే భేదము. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర పండితులను నియమించి, తాళపత్రప్రతులను సేకరింపించి, ఒకదానితో నొకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక లేఖకుని తప్పు మరియొకని ప్రతివలన తెలిసినది. పెట్టెలలో మూసియుంచిన ప్రతులలోను తప్పులుండెను. వానిని చెదలు మాత్రమే చదివెను.

మూడవది అన్నిటికంటె బరువైనది: రచించినవాడు ఏమి తిని బ్రతుకవలెను? జీతముపై బ్రతుకు నేను ఈ ప్రశ్నను తేలికగా దాటరాదు. కప్స్ చరిత్రమే కొంత బదులు చెప్పుచున్నది. మైకేల్ స్వీట్ అను నాతడు 1997లో దానిని రచింప మొదలిడి 1999లో వెలువరించెను. అతనికి ఒక చిన్న వ్యాపారసంస్థ కలదు. 2002లో ఆపిల్ సంస్థవారు తమ కంప్యూటర్లలో కప్స్‌ను చేర్చుకొనిరి. 2007లో అతనిని ఉద్యోగమున చేర్చుకొని మూలరచన హక్కులను కొనిరి. 2019లో అతడు ఆ సంస్థను విడిచెను. పిమ్మట ఓపెన్‌ప్రింటింగ్ అను సంఘమువారితో కూడి ఆ పనిని సాగించెను. యజమాని మారెను, ఉద్యోగము మారెను. వాడుకొనువారి అధికారము మాత్రము చెక్కుచెదరలేదు. ఇందులకు ప్రక్కన మరియొక కథను ఉంచి చూడుడు. గూగుల్ సంస్థవారు 2010లో క్లౌడ్ ప్రింట్ అను సేవను ప్రకటించిరి. ఎక్కడనున్న పత్రమునైనను ఇంటి ప్రింటరుపై అచ్చువేయించు సేవ యది, వెల లేదు. 2020 డిసెంబరు 31వ తేదీతో దానిని నిలిపివేసిరి. ముందుగా తెలియజేసియే నిలిపిరి. అందు మోసమేమియు లేదు. కాని వాడుకొనువారు దానిని తమంతట తాము నడుపుకొందుమన్నను వారి చేతిలో నేమియు లేకపోయెను. రెండును వెల లేనివే. ఒకటి కానుక, ఒకటి ఎరువు.

అయినను ఈ యాక్షేపణ పూర్తిగా తీరలేదని ఒప్పుకొనవలెను. ఆపిల్ వంటి సంస్థ అందరికిని దొరకదు. ఎందరో రచయితలు రాత్రులు మేలుకొని వ్రాసినదానిని లక్షలమంది వాడుకొని, వారి పేరైనను తెలిసికొనుట లేదు. పుచ్చుకొనువాడు సోమరియైనచో స్వేచ్ఛయును ఉచితభోజనముగనే దిగజారును. అన్నసత్రమున భుజించి, విస్తరి తీయకుండ లేచిపోవువానికి సత్రపు ధర్మమును గూర్చి మాటాడుటకు అర్హత లేదు. శక్తి గలవాడు ధనమీయవలెను. తెలిసినవాడు దోషములను తెలుపవలెను. భాష వచ్చినవాడు తన భాషలోనికి మార్చియీయవలెను. పంతులైనవాడు పిల్లలకు నేర్పవలెను. ఇవియేవియు చేయక, వెల లేదను నొక్క కారణముచేత స్వేచ్ఛా సాఫ్టువేరును మెచ్చుకొనువాడు దానిని సగమే గ్రహించినాడు.

జరిగిన సంగతినంతయు మా యాజమాన్యమువారికి వ్రాసియిచ్చితిని. నా వెనుకటి సంతకములు నమ్మదగినవి కావని ఆ కాగితముపై మరల సంతకము చేయునప్పుడు నా చేయి కొంత వణికినది. వారు మందలించి విడిచిరి. కొత్త యేర్పాటు పిమ్మట, మా బడిలో పదవ తరగతి చదువు నొక బాలిక ప్రింటరు ప్రక్కన నిలువబడి తెరపై ఆ మూలరచనను చూచుచు, "ఇది ఎవరిదండీ, మాస్టారూ?" అని యడిగినది. వ్రాసినవారి పేర్లు అందే యున్నవని చూపి, "వాళ్ళదేనమ్మా. చదివి బాగుచేయగలిగితే నీది కూడా" అని చెప్పితిని. ఆ యమ్మాయి నమ్మినట్లు కనబడలేదు. వెల లేని వస్తువులు ఇంటినిండ నున్న కాలమున పుట్టిన పిల్ల. తనదియగు వస్తువు లక్షణమెట్టిదో ఆమెకు ఎవరు చెప్పిరి?

ఈ వ్యాసకర్త జేబులోని ఫోనునందు, ఎవరి సేవకులో తెలియని ఉచిత ప్రోగ్రాములు ఇప్పటికిని పెక్కు కలవు. అన్నిటిని ఒక్కనాడు విడువగల శక్తి నాకు లేదు. ఐనను ఊరక వచ్చిన దేదైనను చేతికందినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుట అలవాటు చేసికొంటిని. ఇచ్చినవాడు పలుపు విడిచినాడా? దీనిని పుచ్చుకొనుటకు నేను ఎవరికి సాయపడనని మాట యిచ్చుచున్నాను? ఈ రెంటికిని సమాధానము దొరకని వస్తువు వెల లేనిదే కావచ్చును. అది ఉచితమనుటకు మాత్రము, మన పూర్వులు ఆ మాటకు చెప్పిన యర్థమున, నాకు నోరాడుట లేదు.